పదకొండడుగుల గీత

కోరుట్ల బస్టాండు దాటి అర కిలోమీటరు పోయిందో లేదో బస్సు ఆగింది. ఆగిన కారణం కిటికీలోంచి కనిపించగానే లక్ష్మీరాజం పెదవి వంకరపోయింది. రోడ్డుకు అడ్డంగా క్రేన్ లారీ, దాని తొట్టిలో నిలబడి మోటారు రంపం పట్టుకున్న మనిషి, కింద చేతులు వెనక్కి కట్టుకుని తలలెత్తి చూస్తున్న పదిమంది పనిలేని పెద్దమనుషులు. కానుగ చెట్లను కొడుతున్నారు. చవితికి మూడు వారాలే ఉంది కనుక విగ్రహాలకు దారి కావాలట, తీగలకు కొమ్మలు తగలకూడదట, దుకాణాల బోర్డులు కనబడాలట. ఈ దేశంలో కారణాలకు ఎన్నడూ కరువు లేదు. కరువంతా కారణానికీ చేసే పనికీ మధ్య ఉండవలసిన సంబంధానికే. అరగంట పడుతుందని కండక్టరమ్మ చెప్పింది. అరగంట అంటే గంట. సిరిసిల్ల మున్సిపల్ ఆఫీసులో విచారణ రెండు గంటలకు, ఇప్పుడు పది దాటి అయిదు నిమిషాలు, రుద్రంగి మీదుగా రెండు గంటల దారి అనుకున్నా తొందరేమీ లేదు. తొందర లేకపోవడమే అతనికి ఇబ్బందిగా ఉంది. ఇల్లు ఇక్కడికి పది నిమిషాల నడక. దిగి వెనక్కి నడిస్తే పదిన్నరకల్లా తన కుర్చీలో తాను కూర్చోవచ్చు, బస్సు కదలలేదని ఫోన్లో చెప్పవచ్చు, అది అబద్ధం కూడా కాదు. డెబ్బై మూడేళ్లలో అబద్ధమాడలేదని గర్వపడే మనిషికి అబద్ధం కానివి ఎన్ని రకాలో బాగా తెలుస్తుంది.

మొదటి చెట్టు ఏడు నిమిషాల్లో ముగిసింది. ఎండిన కొమ్మ, పచ్చి కొమ్మ, తీగలవైపు పోయింది, పోనిది అన్న విచక్షణ లేదు. అన్నిటినీ ఒకే ఎత్తున అడ్డంగా కోసి పారేశారు. మిగిలిన మోడు మోచేతుల దాకా నరికిన మనిషిలా, కాదు, పోలికలు వద్దు. పోలిక దొరికిన చోట ఆలోచన ఆగిపోతుందని జగిత్యాల కాలేజీలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం పాఠం చెబుతూ పిల్లలను హెచ్చరించినవాడు తాను. చెట్టు మనిషి కాదు. మనిషి గాయం మానుతుంది, చెట్టు గాయం మానదు. చెట్టు తన గాయం చుట్టూ గోడ కట్టుకుంటుంది, గోడ బయట కొత్త చెక్క పెంచుకుంటుంది, గోడ లోపల కుళ్లు కుళ్లుగానే ఉంటుంది. ఈ మూడు వాక్యాలు అర్థమైనవాడు ఈ బస్సులోని అరవైమందిలో ఒక్కడుంటే తన పింఛను రాసిస్తాడు. ఆడవాళ్లంతా ఆధార్ కార్డులు దాచుకుని కునుకు తీస్తున్నారు, సీటు దొరకని మగవాళ్లు ఆడవాళ్ల ఉచిత ప్రయాణం మీద సణుగుతున్నారు, ముందు సీటులో ఒకడు కొమ్మలు పడటాన్ని ఫోన్లో వీడియో తీస్తున్నాడు, పెళ్లి ఊరేగింపు తీసినంత శ్రద్ధగా. పక్కన ఒళ్లో కొత్త మందు పంపు పెట్టుకున్న రైతు, లక్ష్మీరాజం ముఖంలోని చిరాకును చెట్ల మీది జాలిగా పొరబడి, ఓదార్పుగా అన్నాడు:

"ఏంగాదు సార్. తల కొడితెనే చెట్టు గుబురుగ అస్తది."

తుమ్ము, పిల్లి, గుమ్మానికి నిమ్మకాయ, బండికి జీడిగింజ, ఇలా మూఢనమ్మకాలను నంబర్లేసి ఒక నోటుబుక్కులో రాసుకున్నవాడు లక్ష్మీరాజం. నాలుగు వందల పన్నెండు దాకా వచ్చాయి. ఈ వాక్యం ఆ పుస్తకంలో లేదు. ఎందుకు లేదో అతనికి తెలుసు. తెలిసిన సంగతిని ఒడిలోని గుడ్డ సంచిలో ఉన్న కాగితాల కిందికి తోసి, ఆ సంచి మీద రెండు చేతులూ వేసుకున్నాడు.

సంచిలో టైపు చేయించిన మూడు పేజీలు. కింద ఒక లావుపాటి పుస్తకం, పుస్తకంలో నూట నలభయ్యో పేజీ దగ్గర ఒక ఫొటో. మూడు పేజీలూ సిరిసిల్లలో తాను పుట్టి పెరిగిన వీధిలోని వేపచెట్టును గురించి. ఇప్పుడా చెట్టు లేదు. జూన్ నెల గాలివానకు దాని కొమ్మ ఒకటి, మనిషి తొడంత లావుది, విరిగి కింద బల్ల మీద పడింది. బల్ల మొహసిన్‌ది. సాంచెల విడిభాగాలను, అంటే మరమగ్గాల ఇనుప సామానును, ఆ చెట్టు కిందే కూర్చుని పదహారేళ్లుగా బాగుచేస్తున్న మేస్త్రీ అతడు. కొమ్మకూ బల్లకూ మధ్య కుడిచెయ్యి నలిగింది, మూడు వేళ్లు ఇక వంగవు. ఆ వీధికి ఒక సుందరీకరణ సంఘం ఉంది. దుకాణదారులు, సాంచెల యజమానులు కలిసి పెట్టుకున్న సంఘం, అందం అంటే స్టీలు బెంచీ మీద తమ పేర్లు అనుకునే సంఘం. తెల్లవారేసరికి ఆ సంఘం చెట్టును వేళ్లతో సహా పెకలించి కట్టెల అడితికి పంపింది, ఆ తర్వాత మున్సిపాలిటీకి ఒక కాగితం రాసింది: చెట్టు ఆరోగ్యంగా ఉండెను, సదరు మొహసిన్ అనుమతి లేకుండా ప్లాస్టిక్ పట్టా కప్పుకొనుటకు కొమ్మకు తాడు బిగించి కట్టినందున కొమ్మ విరిగెను, కావున తప్పు అతనిదే, ఇకమీదట ఆ స్థలమున బల్ల వేయరాదు. ఎంత శుభ్రమైన తర్కం. చెట్టు పోయింది, సాక్ష్యం పోయింది, వేళ్లు పోయినవాడే నేరస్థుడు. మూర్ఖులకు తర్కం రాదని ఎవరన్నారు? తమకు కావలసిన చోటికి చేరేటంత తర్కం వాళ్లకు పుట్టుకతోనే వస్తుంది.

రెండో చెట్టు మీద రంపం మోత మొదలైంది. పచ్చి కానుగాకు వాసన బస్సులోకి వచ్చింది, చేదుగా, నూనెగా, ఆ వాసన వెంటే సయీదా బేగం వచ్చింది. రెండు వారాల కింద కోరుట్లలో అతని ఇంటి గేటు దగ్గర నిలబడి, లోపలికి రమ్మన్నా వెంటనే రాక, చెప్పులు ఎక్కడ విడవాలో అడిగి మరీ వచ్చిన మనిషి, మొహసిన్ భార్య. ఎక్స్‌రే కాగితాలు తెచ్చింది, సంఘం రాసిన కాగితం నకలు తెచ్చింది. ఏడుస్తుందేమోనని అతను ముందే విసుక్కుని కూర్చున్నాడు. ఆమె ఏడవలేదు. భర్త తాడు కట్టిన మాట నిజమేనని ముందే ఒప్పుకున్నది, తర్వాత అడిగింది:

"గంత లావు కొమ్మ సుతిలి తాడుకు ఇరుగుతదా సార్? తాడు తెగాలె గదా ముందుగాల?"

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇంత నిర్మలమైన ప్రశ్న అతనిని ఎవరూ అడగలేదు. అయినా పొగడలేదు, పొగడటం అతని అలవాటు కాదు. తాను పత్రికల్లో రాసిన వ్యాసాలు, హేతువాద సభల్లో ఇచ్చిన ఉపన్యాసాలు, ఆ కీర్తి సిరిసిల్ల సందుల దాకా పోయి ఈమెను తన గేటు దాకా తెచ్చిందని అనుకున్నాడు, అనుకుని లోలోపల కొంచెం సంతోషించాడు కూడా. నిపుణుడిగా అభిప్రాయం రాసిస్తానన్నాడు, విచారణకు వస్తానన్నాడు. ఆమె లేచి, తన కుర్చీని ఉన్న చోటే సరిగా జరిపి వెళ్లిపోయింది.

రాశాడు. బాగా రాశాడు. విరిగినది చెట్టుతో పాటు పుట్టిన కొమ్మ కాదని, పూర్వం తల నరికిన మోడు మీద బెరడు కింది మొగ్గలలోంచి పొడుచుకొచ్చిన కొమ్మ అని, అలాంటి కొమ్మకు కాండం లోతున వేరుపట్టు ఉండదని, పై పొరలకు మాత్రమే అతుక్కుని ఉంటుందని, ఏటా కొడుతున్నంత కాలం అది సన్నగా ఉండి ప్రమాదం కనిపించదని, గత నాలుగేళ్లు బెంచీలకు నీడ కోసం కొట్టకుండా వదిలేసినందువల్ల కింద మోడు కుళ్లుతుండగా పైన కొమ్మ బరువెక్కిందని, గాలి ఒక నెపం మాత్రమేనని, తాడు ఆ నెపం కూడా కాదని. ఒక్క అక్షరం కదపడానికి వీల్లేదు. కానీ 'పూర్వం తల నరికిన' అన్న చోట ఎవరు నరికారన్నది లేదు. ఎప్పుడు అన్నది లేదు. పిల్లల జవాబు పత్రాల్లో కర్త లేని వాక్యం కనిపిస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టినవాడు తాను రాసిన మూడు పేజీల్లో కర్తను ఎంత నేర్పుగా తప్పించాడో చూసుకుంటే, సంఘం వాళ్ల మీద ఉన్న అసహ్యంలో కొంత తనకు కూడా పంచవలసి వస్తుంది. విచారణాధికారి ఎంత మొద్దయినా ఒక ప్రశ్న అడుగుతాడు: చెట్టు లేదు కదా, ఇది తల నరికిన చెట్టేనని రుజువేమిటి? రుజువు నూట నలభయ్యో పేజీ దగ్గర ఉంది. ప్రపంచంలో అదొక్కటే ఉంది. అది లేకపోతే ఈ మూడు పేజీలూ ఒక ముసలి లెక్చరరు ఊహ, తాడు మాత్రం వాస్తవం.

ఫొటోలో అతనికి నలభై అయిదేళ్లు. ఇరవై ఎనిమిదేళ్ల కిందటి ఎండాకాలం. వేపచెట్టు పంగలోంచి తెల్లగా, నురగగా పాలు కారుతున్నాయని జగిత్యాలకు కబురొచ్చింది. సెలవు పెట్టి, గాజు గొట్టాలు, అయోడిన్ సీసా సంచిలో వేసుకుని సిరిసిల్ల బస్సెక్కాడు. వీధి మొదట్లోనే కొబ్బరికాయల అంగళ్లు వెలిశాయి. సాంచెలు బందుపెట్టి ఊరంతా వరుస కట్టింది. పక్కింటి బాలవ్వ, చిన్నప్పుడు అతనికి అంబలి పోసిన బాలవ్వ, చెట్టు మొదట్లో పసుపు పూసి కూర్చుని సీసాల్లోకి పాలు పట్టి ఇస్తున్నది. అతను బల్ల ఎక్కి ఉపన్యసించాడు: ఇవి పాలు కావు, చెట్టు లోపలి రసం సూక్ష్మజీవుల వల్ల పులిసి, ఒత్తిడి పెరిగి బయటికి తన్నుకొస్తున్నది. గొట్టంలో పోసి వేడిచేసి చూపించాడు, నాకి చూడమన్నాడు. జనం భక్తిగా నాకారు. తీయగా ఉన్నదన్నారు, మరొక సీసా పట్టుకున్నారు. ఆ సాయంత్రం అతనికి వచ్చిన కోపం సత్యం కోసమని ఇరవై ఎనిమిదేళ్లు నమ్మాడు. సత్యానికి అంత తొందర ఉండదు. వారం ఆగితే, రెండు వానలు పడితే, ఆ ధార దానంతట అదే ఎండిపోయేది. ఆ సంగతి అతనికి అప్పుడూ తెలుసు. కానీ వారం ఆగితే గెలిచింది వాన అవుతుంది, లక్ష్మీరాజం కాడు. తెలిసిన అధికారులను పట్టుకున్నాడు, ప్రజారోగ్యం అన్నాడు, పంగకు కింద ఎక్కడ కొయ్యాలో తానే చూపిస్తానన్నాడు, ఒక వెదురు బొంగుకు కుంచె కట్టి, సున్నంలో ముంచి, టేపుతో కొలిచి, పదకొండడుగుల ఎత్తున కాండం చుట్టూ తెల్లగా గీత గీశాడు. అమ్మోరికి భయపడి ఎవడూ చెట్టెక్కలేదు. చివరికి ఏసయ్య అని ఒకడు, ఇరవై రెండేళ్లవాడు, గొడ్డలి భుజాన వేసుకుని, నాకేం భయం సార్, మా దేవుడు వేరే అంటూ ఎక్కాడు. జనం నవ్వారు. బాలవ్వ నవ్వలేదు. కొమ్మ తర్వాత కొమ్మ ఆమె ముందు పడుతుంటే ఒక రెమ్మ తీసి ఒళ్లో పెట్టుకుని, అతని వైపు చూడకుండానే అన్నది:

"లచ్చిరాజం, అమ్మోరు మీద కోపముంటె అమ్మోరును తిట్టు కొడుకా. చెట్టేం జేసె?"

ఆ మాటను తర్వాత ఎన్ని సభల్లో ఆమె గొంతుతో అనుకరించి చెప్పాడు, ఎన్ని చప్పట్లు కొట్టించుకున్నాడు. మూఢత్వం ఎంత అమాయకంగా మాట్లాడుతుందో చూడండి మిత్రులారా. ఆ మాటలోని తర్కం, అమ్మవారి ప్రసక్తి తీసేస్తే తప్పు పట్టలేని తర్కం, ఒక్క మిత్రుడికీ తట్టలేదు. సొంత వాళ్లు మరీ అధ్వాన్నం. రెండు నెలలకు చెట్టు చిగురించింది. చిగురించడం అంటే ఏమిటి, మోడు చుట్టూ చీపురు కట్టలా వందలాది కొమ్మలు, అరచేతులంత ఆకులు, వీధిలో మరే చెట్టుకూ లేని ముదురు పచ్చ. బాలవ్వ వర్గం అమ్మవారు తిరిగొచ్చిందన్నది. అతను సైన్సు గెలిచిందన్నాడు. ఇద్దరూ ఒకే చెట్టు కింద నిలబడి ఒకే తప్పు చేశారు. ఆ చెట్టు కింద నడుము మీద చెయ్యి వేసుకుని, కొత్త కొమ్మల కింద తెల్లగీత కనబడేలా ఫొటో దిగాడు, దాన్ని కరపత్రం మీద అచ్చు వేయించాడు: తల నరికినా చెట్టుకు నష్టం లేదు, నరికిన చోటే రెట్టింపు గుబురుగా చిగురిస్తుంది. అయిదు వేల ప్రతులు పంచారు. జగిత్యాలలో, కోరుట్లలో, సంతల్లో, బస్సుల్లో. ఇంటికి తెచ్చి చూపిస్తే భార్య హేమలత ఫొటోను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, జరం తలకెక్కినోడు ఎక్కువ మాట్లాడినట్టుంది ఈ చెట్టు అన్నది. భావుకత్వం అని కొట్టిపారేశాడు. తిండి పండించుకునే ఆకులన్నీ ఒక్కరోజులో పోతే, దాచుకున్న పిండిపదార్థమంతా కరిగించి చచ్చేలోపు ఆకులు తొడుక్కోవాలని చెట్టు పడే ఆరాటమే ఆ గుబురు అని, హేమలత చెప్పింది అక్షరాలా శరీరధర్మశాస్త్రమని, పదేళ్ల తర్వాత ఈ సంచిలోని పుస్తకంలో నూట నలభయ్యో పేజీలో చదివాడు. ఆమెకు చెప్పలేదు. పేజీ గుర్తు కోసం ఫొటోను అక్కడ పెట్టి పుస్తకం మూశాడు.

పక్క రైతు నిద్రలో అతని భుజం మీదికి వాలాడు. లక్ష్మీరాజం ఆ తలను తోసేసి, కిటికీలోంచి మెడ చాపి మోడులను చూశాడు. మూడయ్యాయి. మూడూ ఒకే ఎత్తు. చిరాకులో గమనించని విషయం ఇప్పుడు కళ్లకు గుచ్చుకున్నది: ఎందుకు ఒకే ఎత్తు? తీగలు ఇరవై అడుగుల మీద పోతున్నాయి, అవతలి పక్క అసలు తీగలే లేవు. విగ్రహాలు రోడ్డు మధ్యలో పోతాయి, ఈ చెట్లు పక్కన ఉన్నాయి. దుకాణాల బోర్డులు పద్నాలుగు అడుగులకు తక్కువ లేవు. ఏ కారణానికీ పొత్తు కుదరని కొలత. బస్సు కప్పు పదడుగుల చిల్లర. మోడులు దానికన్నా జానెడు, మూరెడు ఎత్తు. పదకొండు. అప్పుడే బస్సు పక్కనున్న నాలుగో చెట్టు దగ్గరికి ఒక మనిషి సున్నం బకెట్టుతో వచ్చాడు, యాభై ఏళ్లవాడు, తలకు తువ్వాల. చేతిలో కుంచె కట్టిన వెదురు బొంగు. బొంగు అడుగును చెట్టు మొదట్లో నిలువుగా ఆనించాడు, కుంచె అందిన చోట కాండం చుట్టూ తిరుగుతూ గీత గీశాడు. గీసి, జేబులోంచి చిన్న డబ్బా తీసి, వేలితో కాండం మీద పసుపు బొట్టు పెట్టాడు. అంతటితో ఆగక ఆ వేలు కళ్లకు అద్దుకున్నాడు.

ఏసయ్యా అని పిలిచినట్టు అతనికి తెలియదు. గొంతు దానంతట అదే పిలిచింది. ఆ మనిషి బస్సు కిటికీలన్నీ వెతికి, దొరకబుచ్చుకుని, బొంగుతో సహా పరుగెత్తుకొచ్చాడు. ముఖమంతా నవ్వు. కుశల ప్రశ్నలన్నీ ఒక్క ఊపిరిలో అడిగాడు, తనకిప్పుడు పన్నెండుమంది మనుషుల ముఠా ఉన్నదన్నాడు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూళ్లల్లో చెట్లు కొట్టే పని తనదేనన్నాడు, ఆ రోజు సారు ధైర్యమిచ్చి ఎక్కించకపోతే ఇంకా ఎవడి సాంచెల దగ్గరో కండెలు చుడుతుండేవాణ్ని అన్నాడు. లక్ష్మీరాజం అవన్నీ వినలేదు. ఈ ఎత్తు ఎక్కడిదని మాత్రం అడిగాడు.

"సార్ గీత గదా సార్," అన్నాడు ఏసయ్య, ఇది కూడా తెలియదా అన్నట్టు. "మీరు గీసిన్నాడు గా బొంగును కొలతకు తెగ్గొట్టి పెట్టుకున్న. గది పుచ్చిపోతె దాని కొలతకు ఇంకోటి. గిది నాలుగోది. కొలత గదే."

"బొట్టెందుకు?"

"మావోళ్ల ధైర్నానికి. గీత మీదికి కొడితె అమ్మోరు ఏమనది, కిందికి కొడితె ఊకోదు అంటరు. గా రోజు మీ గీత కాన్నే గదా అమ్మోరు ఆగింది." ఏసయ్య బొంగును ప్రేమగా తట్టాడు. "నా దేవుడు వేరే అనుకోండ్రి. గని, గీ గీత గీసిన చెట్టు మీదికెళ్లి మావోడు ఒక్కడు గుడ పడలె సార్, గిన్నేండ్లల్ల."

తొట్టిలోంచి ఎవరో పిలిచారు, ఏసయ్య దండం పెట్టి వెళ్లిపోయాడు. సిరిసిల్ల వేపచెట్టు కొమ్మ సంగతి, మొహసిన్ చేతి సంగతి అతనికి తెలుసో లేదో లక్ష్మీరాజం అడగలేదు. అడగవలసింది ఏసయ్యను కాదు. రంపం గీత మీద పడింది, పచ్చి పొట్టు సున్నం మీద పసుపు మీద దులిపింది. నాలుగు వందల పన్నెండు మూఢనమ్మకాలు సేకరించిన మనిషి మూడు పట్టణాల్లో పన్నెండుమంది కళ్లకద్దుకునే నాలుగు వందల పదమూడోదాన్ని సొంతచేతులతో పుట్టించాడు, దానికి కొలత ఇచ్చాడు, దాని శాస్త్రం అయిదువేల కరపత్రాల్లో పంచాడు, పక్కనున్న ఈ రైతు నోట్లో కూడా పెట్టాడు. బాలవ్వ చేసిన నష్టమెంత? కొంచెం పసుపు, కొన్ని కొబ్బరికాయలు. ఆమె నమ్మకం ఏ చెట్టు తలా కొట్టలేదు, ఏ మేస్త్రీ వేళ్లూ తీసుకోలేదు. అతనికి నవ్వు వచ్చింది, అది మంచి నవ్వు కాదు. జీవితమంతా ఎదుటివాళ్ల మీద వాడిన నవ్వు అలవాటుగా బయలుదేరి, వెళ్లడానికి చోటు లేక తిరిగొచ్చింది.

ఇప్పుడు దిగవచ్చు. పది నిమిషాల నడక. కర్త లేని మూడు పేజీలను ఫోన్లో ఫొటోలు తీసి పంపిస్తే నిపుణుడి బాధ్యత తీరుతుంది, విచారణాధికారి వాటిని మడిచి పక్కన పెడతాడు, సుతిలి తాడు ఒక చెట్టును విరిచిన ఘనత పొందుతుంది. పశ్చాత్తాపం అన్న మాట మీద లక్ష్మీరాజానికి ఏనాడూ గౌరవం లేదు; తప్పు చేసినవాడు తన్ను తాను ముద్దుచేసుకోవడానికి కనిపెట్టిన మాట అది. కన్నీళ్లు, క్షమాపణలు, గుండె బరువులు, ఇవన్నీ ఆ సభల్లోని చప్పట్లకు చెల్లెళ్లు. కానీ కర్త లేని వాక్యం తప్పు వాక్యం. తాడు ముందు తెగాలి కదా అన్న ఆడమనిషికి తప్పు వాక్యం పట్టుకుని ఎదురుపడటం, అది మాత్రం కుదరదు. కలం తీశాడు. రెండో పేజీలో 'పూర్వం' అన్న మాట కొట్టేసి, పైన ఖాళీలో చిన్న అక్షరాలతో రాశాడు: 1997 మే నెలలో ఈ చెట్టు తలను పదకొండడుగుల ఎత్తున కొట్టించినది నేను. గీత గీసినది నేను. ఆ ఎత్తుకు శాస్త్రీయ కారణమేదీ లేదు. ఫొటో జతపరిచాను. నూట నలభయ్యో పేజీ తెరిచి ఫొటో తీశాడు, నడుము మీద చెయ్యి వేసుకున్న ఆ మనిషి ముఖం చూడకుండా కాగితాలకు పిన్నీసుతో గుచ్చాడు. తొందరలో పిన్నీసు ఆ మనిషి భుజంలోంచి పోయింది, తీసి మళ్లీ గుచ్చలేదు.

ఫోను మోగింది. సయీదా బేగం. వెనక సాంచెల టకటకలు. బయలెల్లిండ్రా సార్ అని అడిగింది. బస్సు కోరుట్లలోనే ఆగిందన్నాడు, అది అబద్ధం కాదు, ఆ వాక్యం అక్కడ ఆపివేయవచ్చు. ఆపలేదు. ముప్పై ఏళ్లు తరగతి గదిలో మాట్లాడిన భాష తప్పిపోయి, పుట్టిన వీధి భాష నోట్లోకి వచ్చింది.

"సయీదా, గా చెట్టు తల మొదలు కొట్టిచ్చింది నేనే. ఫొటో ఉన్నది. కాయితంల నా పేరు రాసిన."

ఆమె పక్కకు జరిగినట్టుంది, టకటకలు సన్నగిల్లాయి.

"నాకెర్కనే సార్," అన్నదామె. "బాలవ్వ చెప్పింది, తొంబై ఏండ్లు దాటినా అన్ని యాదికున్నయి ఆమెకు. గా చెట్టు సంగతి కావాల్నంటె తల కొట్టిచ్చిన లచ్చిరాజాన్నే అడుగుపో అన్నది. గందుకే మీ ఇల్లు దేవులాడుకుంట అచ్చిన. మీ నోటికెళ్లి అస్తదా రాదా అని ఊకున్న."

వ్యాసాలు, ఉపన్యాసాలు, సిరిసిల్ల సందుల దాకా పాకిన కీర్తి. లక్ష్మీరాజం కిటికీ ఊచ పట్టుకున్నాడు. క్రేన్ పక్కకు జరుగుతున్నది, డ్రైవరు హారను కొడుతున్నాడు, రైతు ఉలిక్కిపడి లేచి ఎక్కడిదాకా వచ్చామని ఎవరినో అడుగుతున్నాడు. ఫోన్లో ఆమె గొంతు, కుర్చీ సరిగా జరిపి వెళ్లినప్పటి నిదానంతో, ఇంకా చెబుతున్నది:

"పేరు సాఫ్‌గ రాయుండ్రి సార్. ఇంటిపేరు, ఊరు, ఫోన్ నంబరు సుత రాయుండ్రి. వాళ్లు మల్ల పిలిస్తె మీరే రావాలె."

వస్తానన్నాడు. బస్సు కదిలింది. వరుసగా నాలుగు మోడులు, ఆ తర్వాత ఇంకా కొట్టని చెట్లు, ప్రతి దాని మీదా తడి ఆరని తెల్లగీత, కిటికీ పక్కనుంచి వెనక్కి పోతున్నాయి. మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, దాని మీద మూడో పేజీ పెట్టుకుని, అడెపు లక్ష్మీరాజం అని రాశాడు, కోరుట్ల అని రాశాడు, ఫోన్ నంబరు రాస్తుండగా గుంతలో చక్రం పడి చివరి మూడు అంకెలు వంకరపోయాయి. వాటిని కొట్టేసి, బస్సు మళ్లీ ఎగిరేలోపు, ఎవరైనా చదవగలిగేటట్టు, నంబరంతా కింద ఇంకోసారి రాశాడు.